వానడబ్బా మీద బట్ట

పోయినేడు మా గల్లీలో వాన ఎంత పడిందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకటి పైన తిరిగే ఉపగ్రహం, రెండు మా తమ్ముడు రాజమల్లు. ఉపగ్రహం తేలికపాటి వాన అంది. రాజమల్లు ఏమీ అనలేదు, చచ్చిపోయాడు.

లాక్‌డౌన్ సడలిన ఆగస్టు అది. మేం బతకొచ్చిన ఈ గుజరాతీ ఊరు బమ్రోలిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, సగమే నడుస్తున్నాయి. రాజమల్లు రాత్రి పాలీ పని ముగించి వచ్చి, ఒళ్ళు వెచ్చగా ఉందని గోలీ వేసుకొని పడుకున్నాడు. కరోనా భయానికి పెళ్ళాం సంతోషినీ పిల్లలనూ మా గదికి పంపేశాడు. పొద్దున పదకొండింటికి గది వెనక వాగు, ఖాడీ, పొంగింది. నీళ్ళు మంచం కోడు ఎక్కినా అతనికి మెలకువ రాలేదు. మెలకువ వచ్చి కాళ్ళు కింద పెట్టేసరికి నీళ్ళలో కరెంటు ఉంది. ఖాడీ ఒడ్డు గదులు ఖాళీ చేయమని ఫోన్లకు హెచ్చరిక రావాలి. రాలేదు. ఎందుకు రాలేదంటే, పైనుంచి వచ్చిన లెక్కలో అది పెద్ద వాన కాదట.

ఈ ఏడు జూన్‌లో కమలాకర్ సారు వచ్చాడు. వాళ్ళ నాయనా మాలాగే సాంచాలు నడిపినవాడే. ఈయన చదువుకొని కాలేజీలో పాఠాలు చెప్తాడు. తెలుగులో మొదలుపెట్టిన మాట గుజరాతీలో ముగిస్తాడు. ఉపగ్రహం వానను చూడదని, మబ్బు నెత్తి ఎంత చల్లగా ఉందో చూసి అందాజా కడుతుందని ఆయనే చెప్పాడు. బమ్రోలి నుంచి సచిన్ అనే ఊరి దాకా దానికి అంతా ఒకటే గడి. ఆ గడిలో నేల మీద డబ్బాలు పెట్టి నాలుగు నెలలు కొలవాలి. పై లెక్క తక్కువ చూపుతోందని తేలితే, మా ఒడ్డుకు హెచ్చరిక డబ్బాలను బట్టి పంపేలా పెద్దవాళ్ళతో మాట్లాడతానన్నాడు. నాలుగు డబ్బాలు పంచాడు. సచిన్‌లో ఒకటి, మా గల్లీలో మూడు. నాకు, నాతో సాంచాలు నడిపే అంబదాసుకు, బ్రహ్మచారి అనేవాడికి.

ఐదో తరగతిలో బడి మాని నూలు కండెలు చుట్టడానికి పోయినవాణ్ణి. నన్ను నమ్మి ఎవరూ ఏ లెక్కా అప్పగించింది లేదు. డబ్బా అంటే పైన గరాటు, లోపల సీసా. రోజూ ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్ళు కొలత గ్లాసులో వంచి, గీత కంటికి సూటిగా పెట్టి చదివి, కాగితం మీద రాసి ఫోటో పంపాలి. టీకా వేయించుకొని జ్వరంతో మూలుగుతున్న రోజు కూడా డాబా ఎక్కాను. కిందికి దిగగానే సంతోషి అడిగేది.

"ఎంత పడ్డది బావా?"

అంకె చెప్పేవాణ్ణి. ఆమె, పిల్లలు మళ్ళీ ఆ గదిలోనే ఉంటున్నారు. ఇంకో గది ఎవరిస్తారు?

సచిన్ డబ్బా నెలకే పోయింది. దాన్ని చూసేవాడి కార్ఖానా మూతపడితే ఊరికి పోయాడు. మేం ముగ్గురం మిగిలాం. పై లెక్క తక్కువ, మా లెక్క ఎక్కువ రావాలని నేను కాచుకొని కూర్చున్నాను. రాలేదు. ఉపగ్రహం అంకెను సారు రోజూ ఫోన్‌కు పంపేవాడు. పైవాడు ఇరవై రెండు మిల్లీమీటర్లు అంటే నా గ్లాసులో పదిహేను. పైవాడు తొమ్మిది అంటే నాకు ఐదు. అంబదాసుకూ అంతే, బ్రహ్మచారికీ అంతే. సెప్టెంబరు ఆఖరున ఒకరోజు ఖాడీ సంతోషి గది రెండో మెట్టు దాకా వచ్చింది. పైవాడు యాభై అన్నాడు. నా గ్లాసులో ముప్పై ఒకటి. మూడుసార్లు చూశాను. అంతే ఉంది. నా తమ్ముణ్ణి చంపినవాడి తరఫున నా చేతులే సాక్ష్యం చెప్తున్నట్టు అనిపించి కమలాకర్‌కు ఫోన్ చేశాను.

ఆదివారం వచ్చాడు. డాబా ఎక్కి, మాస్కు గదవ కిందికి లాగి, డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. గరాటు మూతికి కట్టిన బట్టను వేలితో తడిమాడు.

"గీ బట్ట ఎప్పటిసంది కట్టిండ్రు కాకా?"

"మొదటి దినంసందే. సాంచాల పీచు పడ్తది గద సారూ. మంచినీళ్ళ కుండకు కట్టే బట్టనే, పల్చటిది."

మా దగ్గర మూతి తెరిచి ఏదీ ఉంచరు. కుండకు, గంజికి, పాలగిన్నెకు అన్నిటికీ బట్ట కట్టాల్సిందే. కట్టకపోతే సాయంత్రానికి నూలు పీచు మీగడలా తేలుతుంది. ఆ గరాటు నోరు తెరుచుకొని ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

కమలాకర్ కొలత గ్లాసు ఇరవై గీత దాకా నీళ్ళు నింపి, బట్ట మీద మెల్లగా పోశాడు. సీసా తీసి గ్లాసులో వంచితే పదమూడు. మిగతా ఏడు బట్ట తాగిందన్నాను.

"తాగింది కొంచెమే. కొసలు చూడుండ్రి."

గరాటు అంచు దాటి వేలాడుతున్న బట్ట కొసల నుంచి నీళ్ళు బయటికి, డాబా మీదికి చుక్కచుక్కగా కారుతున్నాయి. నూలు నీళ్ళను గుంజుకుపోతుందని ముప్పై ఏళ్ళు నేసినవాడికి ఇంకొకడు చెప్పాలా?

ప్రతి అంకెకూ ఏడు కలుపుకోమన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఎండిన బట్ట ఒక తీరు, తడిసింది ఒక తీరు, పీచు పట్టింది ఇంకో తీరు, దేనికి ఎంత కలపాలో ఎవరికీ తెలియదన్నాడు. మిగతా రెండు డబ్బాలన్నా చూసి వద్దామని లేవబోయాడు.

"పోకు సారూ. వాటికీ నేనే కట్టిచ్చిన."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మొత్తం కొట్టేసుడే కాకా. మన గడిల నేలమీది లెక్క లేనట్టే. పై లెక్కే నడుస్తది."

వచ్చే ఏడు బట్ట లేకుండా కొలుస్తానన్నాను. పని ఈ నెలతో అయిపోయిందట, డబ్బాలు కాలేజీకి తిరిగి ఇచ్చేయాలట. మూడింటినీ సంచిలో వేసుకొని, బండి మీద పోయాడు. బట్ట నా చేతిలో మిగిలింది.

కింద సంతోషి గడపలో కూర్చొని ఉంది. సారు ఏమన్నాడని అడిగింది. హెచ్చరిక పాత తీరుగానే వస్తుందట, పైనున్నదాని లెక్కనే నమ్ముతారట అన్నాను. అందులో అబద్ధం లేదు. బట్ట సంగతి చెప్పలేదు.

"దాని కండ్లు మండ. నువ్వు దినాం ఎక్కి దిగితివి, ఏం ఫాయిదా బావా."

మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలున్నాయి, ఇంకా రెండేసి తెచ్చి పెట్టమంది. సరేనన్నాను. నా చేతిలోని గుడ్డను చూసి, మాసిందని లాక్కొని, గుమ్మం ముందు పిండింది. నీళ్ళు ధారగా కారాయి. నా కళ్ళు వాటినే కొలుస్తున్నాయి. ఆమె దులిపి తీగ మీద ఆరేసింది, కుండకు పనికొస్తుందని.