ఎర్రకోటు చివరి మెలిక

పొద్దున పది కొట్టేసరికి కుట్టుగదిలో ఆరుగురూ ఎక్కడివాళ్లక్కడ తలలు వంచేసేవాళ్లు. హేంగరుకి వేలాడే ఎర్రకోటు కసరత్తు చేసే వేళ అది. ముందు ఎడమ చెయ్యి రెండు గుద్దులు, తర్వాత కుడి చెయ్యి ఒకటి, ఆపైన కింది అంచు గిర్రున తిరిగి ఒక తన్ను. ఆ గాలికి దారపుండలు గది చివరిదాకా దొర్లేవి. కిటికీ మీది పావురాలు లేచాయంటే మూడు ఊళ్లు దాటేదాకా వెనక్కి చూసేవి కావు. వంచిన తలతోనే ఒకరు కాజాలు కుట్టుకునేవారు, ఒకరు టీ తాగేవారు. కొత్తగా చేరిన ఇస్త్రీ ఆయన ఒకసారి తల వంచడం మర్చిపోయాడు. రెండు పళ్లు ఊడి, అప్పట్నించీ ఈల వేసినట్టే మాట్లాడతాడు. తప్పు తనదేనని ఆయనా ఒప్పుకున్నాడు.

ఆ కోటు ఒక సినిమా మొదటి భాగంలోది. వీడియో గేములో ఒక ఎర్రకోటు పిల్ల గడియారం మేడ మీద నలభైమంది వస్తాదుల్ని చితక్కొట్టి కిందికి దూకుతుంది కదా, దాన్నే సినిమాగా తీశారు. హీరోయిన్ ముఖం చూపించింది. కొట్టిందీ, తన్నిందీ, దూకిందీ మాత్రం ఆమెకి బదులు పనిచేసిన అక్క. మూడేళ్ల కిందట ఆ ఆఖరి దూకడంలో అక్క అట్టపెట్టెల మీద పడాల్సింది, పక్కనున్న నేల మీద పడింది. తుంటి విరిగింది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని కుట్టుగదికి వచ్చి బొత్తాలు కుడుతోంది. రెండో భాగంలో దూకబోయేది ఆమె చెల్లెలు.

"అన్నీ నేను వేసిన దెబ్బలే," అనేది అక్క కోటుని చూసి. "ఆ చివరి మెలిక ఒక్కటే నాది కాదు."

నిజమే. తన్ను అయ్యాక కోటు ఒక్క క్షణం గాల్లో ఆగి, కుడి చెయ్యి విసిరి, నడుం దగ్గర మెలి తిరిగి, హేంగరుతో సహా జానెడు కుడికి జరిగేది. మొదట్లో సగంలోనే చతికిలబడేది. ఈమధ్యే కుదురుతోంది.

"దానికి వయసు మీదపడింది," అనేది గదికి పెద్దయిన కుట్టు పెద్దమ్మ. "గుర్తున్నవి కొన్ని, కల్పించుకున్నవి కొన్ని. అచ్చం నాలాగే."

దూకాల్సిన రోజు తొమ్మిదింటికే గేము కంపెనీ మనిషి దిగాడు. ఆట ఆడే బొత్తాల పెట్టెని స్నానానికి వెళ్లినా వదలడని చెప్పుకునేవాళ్లు. అందుకే ఆయన పేరు బొత్తాలాయన. పెద్దమ్మ రెండో భాగానికని కుట్టిన కొత్త కోటుని వెలుతురులో పట్టుకుని పెదవి విరిచాడు.

"ఎరుపు తేడాగా ఉందండీ. గేము ఆడేవాళ్లు ఒప్పుకోరు. పాతదే వెయ్యండి."

"అది ఎవరి మాటా వినదు నాయనా."

"వినడానికేముందండీ? గేములో బొత్తాం నొక్కితే ఠక్కున దూకేస్తుంది."

"యాభై ఏళ్లుగా నేనూ బొత్తాలే కుడుతున్నాను. ఒక్కటీ ఎవర్నీ దూకించిన పాపాన పోలేదు."

అందరూ పకపకా నవ్వారు. అక్క నవ్వలేదు. చెల్లెల్ని పక్కకి లాగింది.

"పాతది వద్దే. దానికి తెలిసిన దూకడం ఒక్కటే. నన్నెక్కడ పడేసిందో నిన్నూ అక్కడే పడేస్తుంది."

"కోటేం చేసిందక్కా? పెట్టెలు తప్పు పక్కకి జరిపారు."

"ఎందుకు జరిపారో మర్చిపోయావా?"

అది మర్చిపోయినవాళ్లు ఆ సెట్టులో లేరు. మేడ మీద నిలబడి కెమెరాని చూసేవాళ్లకి ఏది ఎడమో, కింద నిలబడి మేడని చూసేవాళ్లకి అది కుడి. ఆ రోజు ఫైట్ మాస్టరు మేడ మీంచి "ఎడమకి బారెడు" అన్నాడు. కిందివాళ్లు తమ ఎడమకి జరిపారు. అప్పట్నించీ సెట్టు గోడ మీద మనిషంతేసి అక్షరాలతో రాసిపెట్టారు: ఎడమ అంటే కెమెరా ఎడమ. మాస్టరు ఇంట్లో చెంచా అందుకోవాలన్నా కెమెరా ఎక్కడుందని వెతుక్కుంటాడని ఆయన భార్యే చెప్పేది.

"ఇంక ఆ తప్పు ఎవరూ చెయ్యరులే. బొత్తాలు పెట్టు," అంది చెల్లెలు.

తొమ్మిది బొత్తాలు. ఒక్కొక్కటే పెట్టింది అక్క. ఆఖరిది పెట్టి, "సాయంత్రం ఇంటి మెట్లు ఎక్కాలి. నాకు నీ భుజం కావాలి," అంది.

"నా భుజం ఎక్కడికి పోతుందే!"

ఆవరణలో మూడంతస్తుల చెక్క మేడ. ఒక పక్క మెట్లు, రెండో పక్క రంగు గోడ. చెల్లెలు మాస్టరుతో పైకెక్కింది. నడుముకి తాడు కట్టారు. కింద బొత్తాలాయన మైకు అందుకున్నాడు.

"తాడు తియ్యండి! కోటు ముడత పడుతోంది. గేములో ముడత లేదు!"

"మనిషికి ప్రాణం ఒక్కటేనండీ!" అని మాస్టరు పైనుంచి.

"గేములో ఐదున్నాయి!"

డైరెక్టరు ఎండ వంక చూసి, చేతి గడియారం వంక చూసి, తాడు తియ్యమన్నాడు.

"ఎడమ భుజం ముందుకి రావాలి! ఎడమ! ఎడమ భుజం!" బొత్తాలాయన అరుపులకి మాస్టరు బుర్రలో మూడేళ్లుగా పెట్టుకున్న కెమెరా కాస్తా పగిలిపోయింది. చెల్లెలి పక్కనే నిలబడి, ఆమె చూసేవైపే చూస్తూ, ఆమె ఎడమ భుజం మీద చెయ్యేసి అరిచాడు.

"పెట్టెలు ఎడమకి బారెడు!"

కిందివాళ్లు బుద్ధిగా గోడ మీది రాత చదువుకుని కెమెరా ఎడమకి జరిపారు.

అప్పుడే ఆవరణలోకి వచ్చిన అక్క చూసింది. చెల్లెలు పడేది మెట్ల వైపు. పెట్టెలున్నది గోడ వైపు. "ఆపండి!" అంది. అప్పటికే గాలికోసం తిప్పేసిన పెద్ద ఫ్యాను హోరులో వంద ఏనుగులు తుమ్మినా వినపడదు. "ఆపండర్రా!" అంటూ నడిచింది. నలభై అడుగులు. పది వేసేసరికి కర్ర జారి మోకాళ్ల మీద పడింది. పైన మాస్టరు చెయ్యి దించాడు.

మేడ మీది ఉత్తుత్తి గడియారం ఎప్పుడూ మూడున్నరే చూపిస్తుంది. అసలు టైము పది.

చెల్లెలు దూకింది. ఎడమ భుజం ముందు, కిందంతా నేల.

కోటు ఆగింది. ఒక గుక్క టీ మింగేంతసేపు మనిషి గాల్లో నిలబడిపోయింది. కుడి చెయ్యి విసురుగా లేచింది. నడుం దగ్గర మెలి తిరిగింది. హేంగరు మీద జానెడే జరిగేది, ఇక్కడ గోడ వైపుకి రెండు బారలు జరిగింది. బొత్తాం ఒకటి తుపాకీ గుండులా ఎగిరిపోయింది. ధబ్బుమని అట్టపెట్టెలు కుంగాయి. లేచిన దుమ్ముకి పక్క వీధిలో మధ్యాహ్నం కాకుండానే పొద్దు గూకిందట.

అక్క పాక్కుంటూ వెళ్లింది.

"లేవకు. కాలు కదుపు."

"కదుపుతున్నాగా."

"రెండోది?"

"అదీ నాదేనే అక్కా." చెల్లెలికి ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. "చెయ్యి మాత్రం నేను విసరలేదు."

అక్క ఆ కుడి చేతిని పట్టుకుని చూసింది. సినిమాలో ఎక్కడా ఒరుసుకోని చోట, చంక కింద, బట్ట నలిగి నలిగి జల్లెడై ఉంది.

"మర్చిపోయిందనుకున్నాం," అంది మెల్లిగా. "నేర్చుకుంటోంది."

"ఆ మెలిక గేములో లేదు!" బొత్తాలాయన అరిచాడు.

"ఇప్పుడు పెట్టుకో నాయనా," అంది పెద్దమ్మ. "బొత్తాలు చాలకపోతే నేనిస్తా."

ఆ సాయంత్రం గోడ మీది రాత చెరిపేశారు. ఇక ఆ సెట్టులో ఎడమా కుడీ లేవు. మెట్ల వైపు, గోడ వైపు, అంతే. మేడ కింద అక్కకి ఒక కుర్చీ వేశారు. ఆమె తల ఊపందే డైరెక్టరు అరిచినా ఎవరూ దూకరు.

మర్నాడు పదింటికి కుట్టుగదిలో ఆరుగురూ తలలు వంచారు. పావు నిమిషం. అర నిమిషం. దారపుండలు కదల్లేదు.

"అయిపోయిందా?" అన్నాడు ఇస్త్రీ ఆయన ఈల వేస్తూ.

"అయిపోయింది," అంది అక్క.

ఊడిన బొత్తాం కుట్టడానికి కోటుని దించి ఒళ్లో వేసుకుంది. అది చేతులు రెండూ వదిలేసి, పాలు తాగిన పసిపిల్లలా నిద్రపోయింది.