కొమురెల్లి, ఎస్క్వైర్

భార్య సక్కుబాయి పోయి రెండేళ్లయినా బడిపంతులు దశరథం సారుకు రొట్టె తట్టడం పట్టుబడలేదు. ఆమె జొన్నరొట్టెల సీమ భైంసా పిల్ల. ఆమె చేతిలో జొన్నరొట్టె అంచు ఎక్కడా చిట్లేది కాదు. సారు చేసేది మాత్రం ఏ దిక్కుకు ఆ దిక్కు పగిలేది. అయినా పొయ్యి అంటుకుంది, పిండి ఉంది, ఆకలీ ఉంది. అంతవరకు చాలనుకుంటూ ఆయన రొట్టె తిప్పుతుండగా, వాకిట్లో కొమురెల్లి దగ్గు వినిపించింది.

కొమురెల్లి చేతిలో రుమాలు, రుమాలు మడతలో ఒక కవరు. ఊళ్లో పంచాయతీ ఎన్నికలయి నెల దాటింది. అతను మెంబరుగా గెలిచాడు. మర్నాడు బడి గదిలో మొదటి మీటింగు. రమ్మని చొప్పదండి నుంచి బ్లాకు ఆఫీసువాళ్లు ఇంగ్లీషులో టైపు కొట్టి పంపారు. టపా మనిషి అతని పేరు చదివి, పేరు వెనుక ఇంకేదో ఉంది, అది తనకు తెలియదన్నాడట.

దాంతో కొమురెల్లికి రాత్రంతా నిద్ర లేదు. పదేళ్ల కిందటి దాకా దొర గడీలో వెట్టివాళ్ల పేర్లు రాసిన కాగితం ఒకటుండేది. పేరు వెనుక గీత ఉంటే ఆ మనిషి పిలిచినప్పుడల్లా పోవాలి. కొమురెల్లి పేరు వెనుకా గీత ఉండేది. పన్నెండేళ్లు దొర గుర్రం వెంట తుపాకీ, గొడుగు, నీళ్ల చెంబు మోస్తూ ఉరికాడు.

"గా గీతనే మళ్ల వచ్చిందా, సార్? అట్లయితే నేను మీటింగుకు రాను. గా మెంబరీ నాకొద్దు."

సారు కవరు చూశాడు. పేరు వెనుక ఉన్నది ఎస్క్వైర్ అనే మాటకు పొట్టిరూపం. మర్యాదకు రాస్తారని ఆయనకు తెలుసు. అంతమాత్రం చెబితే కొమురెల్లి నమ్మేలా లేడు. పెద్ద నిఘంటువు దించి ఆ పుట తీశాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

ఆ మాటకు మొదటి అర్థం డాలు మోసేవాడని. గుర్రమెక్కి యుద్ధానికి పోయే దొర వెంట అతని డాలు పట్టుకొని నడిచే మనిషి.

పుస్తకం మూసేయాలనిపించింది. పెద్దమనిషి అని చెప్పి పంపిస్తే సరిపోతుంది. కానీ ఎదురుగా కూర్చున్నది ఎవరు? యాభై ఒకటో సంవత్సరం వానాకాలంలో వాగు పొంగి బండ్లు ఆగిపోతే, జ్వరంతో కాలిపోతున్న సక్కుబాయిని భుజాన ఎత్తుకొని, మెడలోతు నీళ్లలో అవతలి ఒడ్డు చేర్చిన మనిషి. ఆ తర్వాత ఆమె ఆరేళ్లు బతికింది. సారు ఎన్నోసార్లు చేతులు జోడించబోయాడు. కొమురెల్లి ప్రతిసారీ నవ్వి తప్పుకునేవాడు. "మోసుడు నా పనే గద, సార్. దానికి దండమెందుకు?" అనేవాడు.

అటువంటివాడికి సగం చెప్పడం సారు వల్ల కాలేదు. మొత్తం చెప్పాడు. డాలు మోసినవాడికి రానురాను భూమి వచ్చింది, ఆ పేరే ఒక హోదా అయింది. తర్వాత వకీళ్లు పెట్టుకున్నారు. ఆఖరుకు, ఉత్తరం అందుకునే ఏ మనిషి పేరు వెనుకైనా గౌరవానికి రాయడం మొదలైంది.

కొమురెల్లి కవరు మీది ఆ మాటను వేలితో తడిమాడు.

"అంటే గా దేశంల కూడ నా అసొంటోడు ఉండె."

"ఉండె."

"డాలు కింద పెట్టెతందుకు వానికి ఎన్నేండ్లు పట్టింది?"

"ఐదారు వందల ఏండ్లు."

కొమురెల్లి మీసాల్లోంచి నవ్వు బయటపడింది. "మనకు పదేండ్లల్లనే తెమిలింది, సార్. మనమే నయం." కవరును మళ్లీ రుమాల్లో పెట్టుకొని, వస్తాననీ రాననీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు బడి గదిలో ఆరు కుర్చీలు వేశారు. సారును కూడా పిలిచారు. కొమురెల్లి అందరికంటే ముందే వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరన్నా తలూపుతున్నాడే గాని కదలడం లేదు. దొర ఎదుట ఆ ఊళ్లో కొమురెల్లి లాంటివాళ్లెవరూ కుర్చీ ఎక్కి ఎరుగరు. దొరకూ పిలుపు పోయింది.

దొర ముసలివాడయ్యాడు. వానకు తడిసిన మెట్లు మెల్లగా ఎక్కి, లోపలికి వస్తూనే, ఎటూ చూడకుండా గొడుగు పక్కకు చాచాడు. పాత అలవాటు. కొమురెల్లి చెయ్యి దానంతట అదే ముందుకు పోయి గొడుగు అందుకుంది. అదీ పాత అలవాటే.

గొడుగు కొస నుంచి నీళ్లు కొమురెల్లి పాదం మీద కారుతున్నాయి. దొర కూర్చున్నాడు. మునుపైతే కొమురెల్లి అతని వెనుక నిలబడాలి.

కొమురెల్లి గొడుగు వైపు చూశాడు. విదిలించి నీళ్లు దులిపాడు. కిటికీ దగ్గరికి పోయి ఊచకు తగిలించాడు. తిరిగి వచ్చి, మిగిలిన కుర్చీని దొర పక్కకే జరుపుకొని కూర్చున్నాడు. ముందు అంచు మీద, తర్వాత వెన్ను ఆనించి.

"గొడుగు కిటికీకి పెట్టిన, దొరా. పోయేటప్పుడు యాది మరువకుండ్రి."

దొర అతని వంక చూశాడు. ఏమన్నా అంటాడేమో అనుకున్నారందరూ. "మంచిది, కొమురెల్లీ," అన్నాడు. ఆ నోట కొమ్రిగా అన్న పిలుపు తప్ప పూర్తి పేరు ఎప్పుడూ వినలేదు ఊరు.

మీటింగులో బోరింగు సంగతి, దీపాల సంగతి మాట్లాడారు. బయటికి వచ్చేసరికి తుంపర ఆగింది. సారూ కొమురెల్లీ బురద తప్పించుకుంటూ నడుస్తున్నారు. వాగు మలుపు దగ్గర సారు ఆగాడు. ఎనిమిదేళ్లుగా గొంతులో ఉన్న మాట ఇప్పుడు బయటికొచ్చింది.

"ఆ దినం ఆమెను మోసింది నీ పని కాదు, కొమురెల్లీ."

కొమురెల్లి ఈసారి నవ్వలేదు, తప్పుకోలేదు.

"కాదు, సార్. గది ఎవ్వలు చెప్పంగ చేసింది కాదు. నాకే మోయబుద్దయింది."

సారు చేతులు జోడించాడు. కొమురెల్లి కూడా జోడించాడు.