దీపాలమ్మ వెలుతురు

దీపాలమ్మ మోచెయ్యి బల్ల మీద ఆనించి కూర్చుంది. మేకప్‌మాన్ గిన్నెలో ముద్దగా ఉన్న రంగులోకి నలుపు కొంచెం కొంచెం కలుపుతూ, మధ్యమధ్య వేలితో ఆమె ముంజేతి మీద ఒక గీత గీసి చూస్తున్నాడు. గీత చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోతే రంగు కుదిరినట్టు. ఇవాళ తొందరగానే కుదిరింది. తడిగుడ్డతో చెయ్యి తుడిచి, "ఇదిగో దీపాలమ్మా, నీ చెయ్యి నువ్వు తీసుకో" అన్నాడు.

"అరగదీయకుండా ఇచ్చావు, అదే పదివేలు."

పక్క కుర్చీలో హీరోయిన్ నవ్వబోయి ఆపుకుంది. నవ్వితే రంగు పగులుతుంది. పాలమీగడ లాంటి పిల్ల. మెడ దాకా తెల్లగానే ఉంది, మెడ పైన మాత్రం దీపాలమ్మ రంగులోకి మారుతోంది. మంచి పిల్లే. "ఈ రంగులో పొద్దస్తమానం ఉండటం నరకం పెద్దమ్మా" అంటుంది, నిజంగానే బాధపడుతూ. దీపాలమ్మ తలూపుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ రంగులోనే ఉన్న మనిషి ఇంకేమంటుంది?

దీపాలమ్మ పని నిలబడటం. హీరోయిన్ నిలబడాల్సిన చోట ముందుగా ఆమె నిలబడాలి. ఆమె మొహం మీద దీపాలు అటూ ఇటూ జరిపి, ఎత్తి, దించి, కెమెరామాన్‌కి తృప్తి కలిగాక "ఇక చాలు" అంటారు. అప్పుడు హీరోయిన్ వచ్చి ఆ వెలుతురులో నిలబడుతుంది. ఎత్తు సరిపోవాలి, రంగు సరిపోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా కదలకూడదు. కదలకపోవడంలో దీపాలమ్మకి సాటి లేదు. చెమట కంట్లోకి కారినా, ఈగ ముక్కు మీద వాలినా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. కన్నతల్లి పెట్టిన పేరు స్టూడియోలో ఎవరికీ తెలియదు. లైట్లవాళ్లు పెట్టిన పేరే పేరైపోయింది.

నల్లగా కనబడాల్సిన పాత్ర ఉన్నప్పుడల్లా ఆమెకి కబురొస్తుంది. ఆ పాత్రలు వేసేది మాత్రం తెల్లపిల్లలే. నల్లపిల్లలు దొరకరా అని ఒకసారి అడిగితే, "దొరుకుతారు, చూసేవాళ్లే దొరకరట" అన్నాడు మేకప్‌మాన్. అతన్నడిగితే డైరెక్టరంటాడు, డైరెక్టరునడిగితే నిర్మాతంటాడు, నిర్మాత జనమంటాడు. తిలాపాపం తలా పిడికెడు.

ఈ సినిమా వేరు అన్నారు. ఒకప్పుడు ఈ ఊళ్లో సినిమాహాలు ముందు తలుపు తెల్లవాళ్లకే. నల్లవాళ్లు పక్కసందులో ఇనుపమెట్లెక్కి, అటక లాంటి చోట స్తంభాల వెనక నుంచి మెడలు సాచి చూడాలి. ఒక పిల్ల ఆ మెట్లు దిగొచ్చి కింద కుర్చీలో కూర్చోవడమే కథ. మూతబడిన ఆ పాత హాల్లోనే తీస్తున్నారు.

దీపాలమ్మకి ఆ మెట్లు కొత్త కాదు. వాళ్లమ్మ ఇక్కడే ఊడ్చేది. పొద్దున ప్రతి కుర్చీనీ గుడ్డపెట్టి తుడిచిన మనిషి, మధ్యాహ్నం ఆట మొదలయ్యాక కూతురి చెయ్యి పట్టుకుని సందులోంచి మెట్లెక్కేది. "కుర్చీ మెత్తగా ఉంటుందా అమ్మా?" అని కూతురు అడిగితే, "నాకేం తెలుసే, నేను తుడిచానంతే" అనేది.

దీపాలమ్మ మొగుడు చెప్పులు కుట్టేవాడు. ఇప్పుడు కళ్లు మొరాయించాయి. చూపుకి నట్టనడుమ మసక కమ్మేసింది, అంచులు మాత్రం మిగిలాయి. పెళ్లాం మొహం చూడాలంటే ఆమె చెవి పక్కకి చూడాలి. "ఎవరిని చూస్తున్నావయ్యా, నా వెనక ఎవత్తె ఉంది?" అని ఆమె వెక్కిరిస్తుంది. ఆమె పని చేసిన ప్రతి సినిమాకీ అతను వెళ్లాడు. తెర మీద ఆమె ఉండదని తెలిసే వెళ్లాడు. ఇంటికొచ్చి, "వంటింటి సీనులో నీ వెలుతురు బాగా పడిందే" అనేవాడు. అంతకంటే మంచి మాట ఏ మొగుడూ ఏ పెళ్లాంతోనూ అని ఉండడని ఆమె నమ్మకం.

కానీ ముసలాయనకి ఒక్క కోరిక ఉండిపోయింది. ఒక్కసారి ఆమె మొహాన్ని తెర మీద చూడాలి. అంత పెద్దగా ఉంటే అంచుల్లోనైనా చిక్కుతుందని ఆశ. ఏడాది తిరిగేసరికి ఆ అంచులు కూడా పోవచ్చని డాక్టరు చెప్పాడు. అందుకే షూటింగు మొదలైన రోజున డైరెక్టరు, "ఇది మీ కథమ్మా. ఆఖర్లో మెట్ల మీద హీరోయిన్ పక్కన మీ మొహం తెరనిండా వేస్తాను" అన్నప్పుడు ఆమె ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లింది. ముసలాయన వెంటనే ఆమె తెగిన చెప్పు ముందేసుకుని కూర్చున్నాడు. గోధుమరంగు తోలు లేకపోతే, చేతికి తగిలిన ఎర్రతోలు ముక్కేసి తడుముకుంటూ కుట్టాడు.

"ఒకటి గోధుమరంగు, ఒకటి ఎరుపు. ఇదేం జోడయ్యా?"

"మనం మాత్రం ఏం జోడు? నడవడంలా?" అన్నాడు.

ఆ షాటు ఇవాళే. పొద్దున బయల్దేరుతుంటే, "తల సరిగ్గా దువ్వుకున్నావా?" అని అడిగాడు.

"నువ్వు చూసేది చెవులేగా. శుభ్రంగా కడుక్కున్నాలే."

గడప దిగుతుంటే ఎడమ భుజం లాగింది. నిద్రలో పట్టేసి ఉంటుందనుకుంది.

మేకప్‌గది బయట కూర్చుని టీ తాగుతుంటే డైరెక్టరు వచ్చి ఆమె పక్కన చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. తెల్లవాడు, చదువుకున్నవాడు, మంచివాడు. చెడ్డమాట చెప్పాల్సొచ్చినప్పుడు మంచివాళ్లు పక్కన వచ్చి కూర్చుంటారు.

"అమ్మా, నిన్న మీ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి తీసిన ముక్క వేసి చూశాం."

"బాగోలేదా బాబూ?"

"మీరు చాలా బాగున్నారు. అదే వచ్చిన చిక్కు. మీ పక్కన నిలబెడితే ఆవిడది పూసిన రంగని తెలిసిపోతోంది."

ఆ మాట మింగుడుపడటానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది. నల్లవాళ్లకి జరిగిన అన్యాయం మీద తీసే సినిమాలో నల్లమొహం కనబడితే సినిమా అబద్ధమైపోతుందట.

"విడిగా తీయండి బాబూ. ఆ అమ్మాయి పక్కన వద్దు. ఏ మూలనో, ఆ స్తంభాల వెనకైనా సరే. మా ఆయనకి చూపు పోతోంది."

అడగడం ఆమెకి అలవాటు లేదు. ఆ గొంతు తనది కానట్టుంది.

"చూస్తానమ్మా" అని డైరెక్టరు లేచాడు. చూస్తాననేవాళ్లు చూడరని ఆమెకి తెలుసు.

దీపాలమ్మకి ఏడుపొచ్చింది. తెర మీద మొహం పోయినందుకు కాదు, చేతికొచ్చిన ముద్ద నోటికి రాలేదని ముసలాయనతో ఎలా చెప్పాలో తెలియక. ఇంతలో సందులోంచి, "దీపాలమ్మా, మెట్ల దగ్గరికి!" అని కేక వినిపించింది. అరచేత్తో మొహం తుడుచుకుని లేచింది.

హీరోయిన్‌కంటే దీపాలమ్మ చెప్పుల మందమంత పొడుగు. అందుకని నిలబడే ముందు చెప్పులు విడిచి పక్కన పెడుతుంది. షాటుకి ముందు వాటిని తనే తీసుకెళ్లిపోతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎవరూ చూడనక్కర్లేదు. ఇవాళ కూడా అట్టడుగు మెట్టు పక్కన విడిచి, పైకెక్కి రెయిలింగు పట్టుకుని నిలబడింది. సందు మీద రేకుల వల్ల పగలే చీకటిగా ఉంది. దీపాలు ఒక్కొక్కటే వెలిగి ఆమె చెంప మీదికి వచ్చాయి.

"గడ్డం కొంచెం పైకి" అన్నాడు లైట్‌మాన్.

ఎత్తింది. కెమెరామాన్ కెమెరాకి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "ఇవాళ నీ చూపు ఏంటి ఇలా ఉంది?" అన్నాడు.

"ఏడ్చానయ్యా. దానికి కూడా దీపం పెట్టాలా?"

అతను నవ్వలేదు. హీరోయిన్‌ని పిలిచి, "ఆ చూపు ఒకసారి చూసుకోండి, అదే కావాలి" అన్నాడు. హీరోయిన్ కింద నిలబడి శ్రద్ధగా చూసుకుంది. చెయ్యి అయింది, రంగు అయింది, ఇప్పుడు ఏడుపు కూడా. దీపాలమ్మ కదల్లేదు.

"ఇక చాలు" అన్నారు.

దిగి చెప్పుల కోసం వంగబోయింది. ఛాతీలో ఎవరో గుప్పిట బిగించినట్టయి వంగలేకపోయింది. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది, అప్పుడొచ్చి తీసుకోవచ్చు అనుకుంది. సందు నిండా తీగలూ మనుషులూ. గోడ పట్టుకుని పక్కతలుపులోంచి హాల్లోకి వెళ్లింది. లోపల ఎవరూ లేరు. వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు. ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చుని వెనక్కి వాలింది.

మెత్తగానే ఉంది. వాళ్లమ్మకి చెప్పాలనిపించింది.

బయట షాటు మొదటిసారికే బ్రహ్మాండంగా వచ్చింది, చప్పట్లు కొట్టారు. తర్వాత లైట్‌మాన్ టీ గ్లాసుతో లోపలికి వచ్చి ఆమెని చూశాడు. ఆమె కదలడం లేదు. కదలకపోవడం ఆమె పనే కనక అతనికేమీ అనిపించలేదు. గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చినప్పుడు టీ అలాగే ఉంది, మీద మీగడ కట్టి.

ఆమెని ఇంటికి తెచ్చి పడుకోబెడితే ముసలాయన మొహం తడిమాడు, చేతులు తడిమాడు, కాళ్ల దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"చెప్పులేవయ్యా?"

"నేను కుట్టాను, మొన్ననే కుట్టాను, ఉత్తకాళ్లతో తెచ్చారేమయ్యా దాన్ని" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. స్టూడియోకి కబురు చేస్తే ఎవరికీ తెలియదన్నారు.

సినిమాకి మంచి పేరొచ్చింది. చివర్లో మెట్ల మీద హీరోయిన్ చూసే చూపు జన్మలో మర్చిపోలేమని పేపర్లు రాశాయి. పొరుగింటి దర్జీ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని మ్యాట్నీకి తీసుకెళ్లాడు. ఎప్పటిలాగే మొదటి వరసలో కూర్చున్నారు. ముసలాయన చూపు అంచులు కూడా అప్పటికి సన్నబడ్డాయి. ఆఖర్న మెట్ల సీను వచ్చింది. హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. తెర మధ్యలో ఉన్న పెద్ద మొహం అతనికి ఉత్త మసక. తలతిప్పి, పెళ్లాం చెవి పక్కకి చూసినట్టు, పక్కకి చూశాడు.

దర్జీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అదిగో, మా ఇంటిది."

"ఎక్కడన్నా? అక్కడెవరూ లేరే" అన్నాడు దర్జీ.

అట్టడుగు మెట్టు పక్కన, ఆమె వెలుతురు అంచున, ఎవరూ తీయడం మర్చిపోయిన చెప్పుల జత. ఒకటి గోధుమరంగు, ఒకదానికి ఎర్రతోలు ముక్క.