అబ్బాజాన్ గొంతు రికార్డు చేసిన రోజు

కొరియర్ అతను ఆ నల్లడబ్బా చేతిలో పెట్టేసరికి పదకొండయింది. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు దాన్ని. ఒకవైపు మైకు తగిలించి, ఇంకోవైపు యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపితే గొంతు ఉన్నది ఉన్నట్టు లోపలికి వెళ్తుంది. వెళ్తుందని అట్టపెట్టె మీద రాశారు.

మా అబ్బాజాన్ అబ్దుల్ రహమాన్ ముప్పై ఏళ్లుగా వనపర్తి కూరగాయల మార్కెట్లో వేలంపాట నడుపుతున్నాడు. ఎల్లుండి హైదరాబాద్‌లో ఆపరేషన్. గొంతులో గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేస్తారు. ఇక మాట ఉండదు. ముందే గొంతు రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత ఆయన టైపు చేసిన మాటను కంప్యూటర్ ఆయన గొంతుతోనే పలుకుతుందని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. ఫోన్ రికార్డింగు పనికిరాదట, శుభ్రంగా ఉండాలట. రోజుకు అరగంటకు మించి మాట్లాడించొద్దని కూడా చెప్పింది. తెల్లవారితే బస్సెక్కాలి. అంటే నాకు మిగిలింది ఆ ఒక్క పూట, అందులో అరగంట.

ఇంట్లో మాది ఉర్దూ. కానీ డాక్టరమ్మ ఇచ్చిన వాక్యాలు తెలుగువి, మార్కెట్ గొంతూ తెలుగుదే. నాలుక తిరగాలని పొద్దుటి నుంచీ తెలుగులోనే మాట్లాడుకుంటున్నాం.

వైరు పెట్టాను. 'గుర్తు తెలియని పరికరం' అంది కంప్యూటర్. నేను బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని, దీనికి డ్రైవర్ కావాలని ఆమాత్రం తెలుసు. డ్రైవర్ అంటే డబ్బాకూ కంప్యూటర్‌కూ మాట కలిపే ప్రోగ్రాం. వెబ్‌సైటులో ఒకే పేరుతో రెండు డ్రైవర్లున్నాయి. మన డబ్బాకు ఏది సరిపోతుందో డబ్బా అడుగున రాశారు, చీమకు కూడా కళ్లద్దాలు కావాల్సినంత చిన్న అక్షరాలతో.

"ఏమాయె?" అన్నాడు అబ్బాజాన్.

"నువ్వు మాట్లాడకు అబ్బాజాన్. గొంతు అయిపోతది."

"నేనేడ మాట్లాడిన? అడుగుతున్న, గంతే."

డ్రైవర్ దిగింది, నొక్కాను. ముందు విండోస్ అప్డేట్ చేసుకో, తర్వాత రా అంది. గద్వాలలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మా తమ్ముడు యాసర్‌కు ఫోన్ చేశాను. ఈ కంప్యూటర్‌కు వైద్యుడు వాడే.

"అప్డేట్లు నేనే బందువెట్టిన ఆపా. రెండేండ్లాయె. నెట్టు మస్తు తింటుంటె."

"నీకెవడు చెప్పిండురా బందువెట్టమని?"

"పరేషాన్ గాకు. వైరు తీసి మళ్ల పెట్టు."

వాడి దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు. రెండేళ్ల అప్డేట్లు ఒక్క పూటలో దిగడం మొదలైంది. ముప్పై అయిదు శాతం దగ్గర నలభై నిమిషాలు కూర్చుంది. వాడు ఎదురుగా ఉంటే ఆ వైరుతోనే కొట్టేదాన్ని. అబ్బాజాన్ అన్నం తిన్నాడు, మందు వేసుకున్నాడు, వచ్చి తెర ముందు కూర్చున్నాడు.

"గిది రోజూ గిట్లనే చేస్తదా?"

"మాట్లాడకన్న గదా!"

గట్టిగా అరిచేశాను. ఆయన నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఎవరి మీద కోపం ఎవరి మీద చూపిస్తున్నానా అని సిగ్గేసింది.

మూడున్నరకు డ్రైవర్ ఎక్కింది, డబ్బాలో పచ్చలైటు వెలిగింది. హలో అనమన్నాను. అన్నాడు. తెర మీద గొంతును చూపించే గీత కదల్లేదు. కంప్యూటర్ ఇంకా తన సొంత మైకే వింటోంది. మార్చాను. మళ్లీ హలో. ఇంకోసారి హలో. ఉహూఁ. ఈ రకం మైకుకు కరెంటు డబ్బా నుంచే అందాలట, 48 అని రాసిన బటన్ నొక్కాలట. నొక్కాను. నాలుగో హలోకు గీత లేచింది. నాలుగు హలోలు వృథా. మనిషికి లెక్కపెట్టి ఇచ్చిన మాటల్లో నాలుగు.

డాక్టరమ్మ వాక్యాల కాగితం చేతికిచ్చాను. "నేడు వాతావరణం ఆహ్లాదకరంగా ఉన్నది," అని మొదలుపెట్టాడు, పంతులు ముందు నిలబడ్డ పిల్లాడిలా. పది వాక్యాలు, ఇరవై వాక్యాలు. శుభ్రంగా ఉంది, చప్పుడు లేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఇది మా నాన్న గొంతు కాదు. రేపు కంప్యూటర్ ఇలా మాట్లాడితే నేను భరించలేను.

"కాగితం ఇడిసిపెట్టు అబ్బాజాన్. మార్కెట్ల లెక్క పాడు."

"సరుకు లేకుంట ఏం పాడాలె?"

వంటింట్లోంచి టమాట బుట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక కాయ తీసి వేలితో నొక్కి చూశాడు. వెన్ను నిటారుగా అయింది.

"వీపనగండ్ల టమాట! గట్టి కాయ! బాక్సు నాలుగు నూర్లు, నాలుగు నూర్లు! ఒకటోసారి! రెండోసారి!"

తెర మీద గీతలు పైకప్పుకు తగిలాయి. సన్నని బొంగురుతో సహా అంతా దిగుతోంది. ఆయన ఆగి నా వైపు చూశాడు.

"పాడు మరి. కొనేటోళ్లు లేకుంట మూడోసారి అనను. ఎన్నడు అనలే."

"నాలుగు నూర్ల పది," అన్నాను.

"నాలుగు నూర్ల పది! ఒకటోసారి! రెండోసారి!"

మూడోసారి అంటే పాట అయిపోయినట్టే.

"ఇరవై," అన్నాను.

నవ్వాడు. "నీ పాట మీద నువ్వే పెంచుతవా? గట్ల ఎవరన్న చేస్తరా?"

"నేను చేస్త. ముప్పై."

"నాలుగు నూర్ల ముప్పై! ఒకటోసారి!"

"నలభై."

అప్పుడు నా ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఒకటోసారి," అన్నాడు మెల్లగా. "రెండోసారి." నేను మళ్లీ నోరు తెరిచాను. వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. గొంతు అప్పటికే గీరుకుపోతోంది.

"సరుకు నీదే బేటీ," అన్నాడు. "మూడోసారి."

గీత కిందికి దిగి సాపు అయింది. నేను రికార్డింగ్ ఆపలేదు. ఇంకేమైనా అంటాడేమోనని చాలాసేపు చూశాను.