నా గాలి, ఆమె కప్పచేప

"అయ్యా! మీ పరువు ఎక్కువైంది! రెండు కిలోలు తీసేస్తాను!"

ఇంజను హోరులో, పడవ నడిపే దోన్ గాస్పర్ వెనకనుంచి అరిచిన మాట నా చెవిలో అచ్చంగా ఇలాగే పడింది. లేచి నిలబడ్డాను. పడవ ఊగింది. కూర్చున్నాను. మళ్లీ లేచాను.

"నా పరువు తీయడానికి నువ్వెవరయ్యా? నాలుగు రోజులుగా నేనే తీసుకుంటున్నాను, చాలదా?"

"మీవల్ల కాదు, నేనే తీయాలి! అదంతా ఉత్త సీసం!"

"నా పరువు సీసమా?"

"మరి బంగారమనుకున్నారా?"

మా గైడు నయేలి ఇంజను ఆపమని చెయ్యి ఊపింది. హోరు ఆగాక ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. "బ-రు-వు, దోన్ ఎవారిస్తో. మీ నడుముకున్న సీసం దిమ్మల బరువు. అది ఎక్కువైతే నీళ్లలో మిమ్మల్ని మీరే ఈడ్చుకుంటూ పోవాలి. ఆయాసం వస్తుంది. గాలి తొందరగా అయిపోతుంది."

అప్పటిదాకా పడవలో నవ్వులే నవ్వులు. "గాలి" అన్న మాట వినబడగానే ఆగిపోయాయి. ఉరి వేసుకున్న ఇంట్లో తాడు మాట ఎత్తినట్టయింది.

నా గాలి సంగతి ఆ సరికి కొసుమెల్ దీవి రేవంతా తెలుసు. వీపున కట్టే పీపాలో మీటరు మూడు వేలు చూపేంత గాలి నింపి దింపితే ఇరవై తొమ్మిది నిమిషాల్లో ఏడువందలకు తెచ్చేస్తాను. ఏడువందలకు రాగానే పైకి రావాలన్నది నియమం. జంటగా దిగినవాళ్లు జంటగానే రావాలన్నది ఇంకో నియమం. నా జంట నా భార్య గ్రిసెల్దా. ఆమె పీపాలో ఇంకా సగం గాలి ఉండగానే, ఏడు మునకలకు ఏడుసార్లూ, నా వెంట పైకి వచ్చేసింది. మిగిలింది ఒక్క మునక. అదే ఆఖరిది. సాయంత్రానికి మా ఊరు ప్వెబ్లాకు తిరుగు ప్రయాణం.

తప్పు నా ఊపిరితిత్తులది కాదు, వృత్తిది. నేను జాతరల్లో బొమ్మల చీట్లాట పిలుస్తాను. చేతిలో చీటీ తిప్పి, బొమ్మ పేరు నేరుగా చెప్పకుండా ఓ చమత్కారం విసిరి, మైకు లేకుండా నాలుగు వందల మందికి వినిపించాలి. గాలి మాటలే నా బతుకు. జనం చప్పట్లు కొట్టి నన్ను మునగచెట్టు ఎక్కించారే గాని, మునగడం ఎవరూ నేర్పలేదు. గ్రిసెల్దా పియానోలకు శ్రుతి చేస్తుంది. రోజంతా ఒక్కొక్క తీగనే వింటూ కూర్చునే మనిషి. ఆమె శ్రుతి, నేను శ్రుతి మించినవాణ్ణి. ఇరవై మూడేళ్లుగా ఇలాగే సాగుతోంది సంసారం.

మొన్న చలికాలంలో, శనివారాల్లో ఈతకొలనులో డైవింగ్ నేర్పుతున్నారంటే చేరాం. మొదటిరోజు ఆమె నీళ్లలోంచి తల పైకెత్తి, నోటి గొట్టం తీసి, "ఎంత నిశ్శబ్దంగా ఉందో!" అంది. పెళ్లినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను. నేను నోరు తెరవలేని చోటు ప్రపంచంలో ఒకటుందని మా ఆవిడ కనిపెట్టేసిందన్నమాట. ఆ క్షణంనుంచి నాకు కాలు ఒకచోట నిలవదు.

ఆమెకు కావలసిందల్లా కప్పచేప. ఈ దీవి చుట్టూ తప్ప ఇంకెక్కడా ఉండదంటారు. గడ్డంలాంటి మీసాలు, పసుపు అంచు రెక్కలు, రాతి అరల కింద దాక్కుని కప్పలా అరుస్తుందట. ఆ అరుపు ఏ స్వరంలో ఉంటుందో వినాలని ఆమె కోరిక. నాలుగు రోజులూ రాతి అరలకు చెవి ఆనించి వెతికింది. సరిగ్గా ఓ మంచి అర దొరికే వేళకు నేను వెనకనుంచి భుజం తట్టి, నా గాలి అయిపోయిందని చూపించేవాణ్ణి.

దోన్ గాస్పర్ నా నడుం పట్టీలోంచి రెండు దిమ్మలు లాగేశాడు. నయేలి కారం, ఉప్పు చల్లిన నారింజ తొనలు అందరికీ పంచుతూ, చల్లగా అసలు సంగతి బయటపెట్టింది.

"ఈసారి జంటలు మారుద్దామనుకుంటున్నాను. దోన్యా గ్రిసెల్దా డాక్టరుగారితో దిగుతారు. మీరు నాతో దిగండి. మీ గాలి అయిపోగానే మిమ్మల్ని పైకి పంపి, నేను మళ్లీ వాళ్లను కలుస్తాను."

మాతో పడవలో ఉన్న డాక్టరు లిసాంద్రోగారిది మెరిదా ఊరు. పళ్ల డాక్టరుగా చేసి మానేశాడు, భార్య పోయింది, ఆరు వందల మునకలు వేశాడు. గంటసేపు నీళ్లలో ఉండి వచ్చినా ఆయన పీపాలో సగం మిగిలే ఉంటుంది. జీవితమంతా ఎదుటివాళ్లను నోరు తెరవమని, తాను మాత్రం మూసుకుని బతికినవాడు మరి.

"నాకేం అభ్యంతరం లేదు" అన్నాడాయన నారింజ తొన చప్పరిస్తూ.

"మీకెందుకుంటుందండీ!" అన్నాను. "గ్రిసెల్దా, నువ్వు చెప్పు."

ఆమె తన అరచెయ్యి నా మోకాలి మీద వేసి నొక్కింది.

"ఏడుసార్లు నీతోపాటు పైకొచ్చాను. ఒక్కసారైనా సణిగానా?"

"లేదు."

"ఇప్పుడు సణుగుతున్నాను. నాకు నలభై అయిదు నిమిషాలు కావాలి, ఎవారిస్తో. ఇయ్యగలవా? ఇయ్యలేకపోతే చెప్పు, డాక్టరుగారితో వెళ్తాను. అందులో తప్పేముంది?"

తప్పేమీ లేదు. అదే బాధ. అడుగున ఆ నిశ్శబ్దంలో ఆ నోరులేని మనిషి పక్కన ఒక్కసారి హాయిగా తిరిగితే, మళ్లీ ఈ గోలలోకి రావాలని ఆమెకు ఎందుకనిపిస్తుంది?

"ఇస్తాను! యాభై తీసుకో! ఇకనుంచి నేను పీల్చను, వాసన చూస్తానంతే!"

"ఊపిరి మాత్రం బిగబట్టకూడదు" అంది నయేలి వేలు చూపించి. "మొదటి పాఠం అదే. నేను అడిగినప్పుడల్లా ఉన్నది ఉన్నట్టు చూపించాలి. ఒక వేలు వెయ్యి, రెండు వేళ్లయితే రెండు వేలు, పిడికిలి అంటే అయిదువందలు. సరేనా?"

"వేలికి వేలు! ఇలాంటి లెక్క మా జాతరలో ఉంటే నేనీపాటికి..."

"దోన్ ఎవారిస్తో, గాలి దాచుకోండి."

నోరు మూసుకున్నాను.

జంటలు మారకుండానే దిగాం. మేం దిగిన పగడాల దిబ్బ పేరు స్వర్గం. బొందితోనే పోయాం. పన్నెండు మీటర్ల లోతు, కింద ఇసుక, పక్కన పగడాల గోడ, వెనకనుంచి మెల్లగా నెట్టే ప్రవాహం. గ్రిసెల్దా ముందు, నేను రెండు బారల వెనక. నయేలి, డాక్టరు ఇంకాస్త అవతల.

బరువు తగ్గినమాట నిజమే, తేలిగ్గానే ఉంది. కానీ మనసు తేలిక పడలేదు. చిన్న గుటక గాలి, ఆగు, ఇంకో చిన్న గుటక. అయిదంకెలు లెక్కపెట్టు. గాలి మీటరు చూడు. మళ్లీ చూడు. దాని ముల్లు మీద కన్నేసి ఈదుతుంటే చేపలేవీ కనబడలేదు. ఏదో పెద్ద తాబేలు నా మోచేతి కిందినుంచి పోయిందని తరవాత చెప్పారు.

పదిహేనో నిమిషంలో నయేలి అడిగింది. పంతొమ్మిది వందలుంది. రెండు వేళ్లు చూపించాను. వందేగా.

ఇరవై ఏడో నిమిషంలో అడిగింది. పదకొండు వందలుంది. ఒక వేలు, ఒక పిడికిలి చూపించాను. వేలు నిజం చెప్పింది, పిడికిలి అబద్ధం చెప్పింది. నయేలి మెచ్చుకోలుగా తలాడించింది. డాక్టరుగారు చప్పట్లు కొట్టినట్టు అభినయించారు. నీళ్లలో కూడా నన్ను మునగచెట్టు ఎక్కించేవాళ్లు దొరికారు.

ముప్ఫై మూడు. ముల్లు ఏడువందల మీదికి వచ్చింది. ఇదే గీత. ఇప్పుడు భుజం తట్టాలి. గ్రిసెల్దా ఇసుక మీద దాదాపు బోర్లా పడుకుని ఓ అరకు చెవి ఆనించి ఉంది. నయేలి దూరంనుంచి చూసి ప్రశ్నగా అరచెయ్యి తిప్పింది. నా చెయ్యి నన్నడగకుండానే ఒక వేలు చూపించింది. వెయ్యి.

ఇక ఒక్కో గుటకకు పది అంకెలు. తల దిమ్మెక్కింది. గుండె పీపాకేసి కొట్టుకుంటోంది. కాళ్లు పైకి పోదామంటున్నాయి, కళ్లు మీటరు దగ్గర. అయిదువందలు. నాలుగు. నిండా మునిగినవాడికి చలి లేదంటారు. ఆ మాటన్నవాడు మునిగి చూళ్లేదు. నాకు పళ్లు టకటక కొట్టుకునేంత చలి వేసింది.

అప్పుడు వినబడింది. గ్ర్ర్ర్... ర్ర్. తలుపు బందు తిరిగినట్టు, దాని మీద ఓ చిన్న రాగం. గ్రిసెల్దా మొత్తం బిగుసుకుపోయింది. అర లోపల మీసాలు కదిలాయి, పసుపు అంచు మెరిసింది. నాలుగు రోజులుగా, ఏడు మునకలుగా వెతికిన చేప ఆమెకు జానెడు దూరంలో ఉంది. అది రెండోసారి అరవడానికి నోరు తెరిచింది.

సరిగ్గా ఆ క్షణాన ఆమె వెనక్కి తిరిగింది.

చేపను వదిలేసి నన్ను చూసింది. నేను "అంతా బాగుంది" అని గుండ్రంగా వేళ్లు కలిపి చూపించాను. ఆమె ఆ వేళ్లను పక్కకు తోసి నా మీటరు లాక్కుని చూసింది. మూడు వందల యాభై. ఆ కళ్లద్దాల వెనక ఆ రెండు కళ్లు ఎంత పెద్దవయ్యాయో, ఆ చూపు నా జన్మలో మరచిపోను. తన పసుపుపచ్చ అదనపు గొట్టం తీసి నా నోటికి కుక్కింది. నా భుజం పట్టీని పిడికిట్లో బిగించి పట్టుకుంది. గట్టిగా పీల్చాను. ఆమె గాలి. ఇరవై మూడేళ్లుగా ఆమె నా గోల భరించింది; ఇప్పుడు నన్నే భరిస్తోంది.

నయేలి దూసుకొచ్చింది. పైకి వచ్చే దారిలో అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలూ ముఖాలు ముఖాలకు ఆనించుకుని వేళ్లాడాం. ఆమె ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. ఆఖరికి, తేలు కుట్టిన దొంగలా పైకి తేలాను.

పడవలో పడగానే నయేలి నా ఎదుట వచ్చి నిలబడింది. "మూడుసార్లు అడిగాను. మూడుసార్లు ఏం చూపించారు? ఎంతుండగా చూపించారు? అందరి ముందూ చెప్పండి."

జాతరలో నాలుగు వందల మందికి వినిపించే గొంతు నాది. నీళ్లు నమిలాను. ఉప్పునీళ్లే.

"పంతొమ్మిది వందలకు రెండు వేలు. పదకొండుకు పదిహేను. ఏడువందలకు వెయ్యి."

"ఎందుకు?"

"నలభై అయిదు నిమిషాలిస్తానన్నాను."

"మీరు ఇవ్వబోయింది మీ ప్రాణం. అది పోయాక మిమ్మల్ని మోసుకుని రేవుకు వెళ్లాల్సింది నేను." తువ్వాలు నా ఒళ్లో పడేసింది. "ఇక నా పడవలో మిమ్మల్నిద్దర్నీ జంటగా దింపను."

గ్రిసెల్దా కాలికి తొడిగిన ఈత రెక్క తీసి దాంతో నా తొడ మీద ఒక్కటేసింది. తరవాత రెండో రెక్క తీసి దాంతోనూ ఒకటేసింది. అప్పుడుగాని కూర్చోలేదు.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఒకటి అడగనా? మేమంతా ఆయన వేళ్లు చూసి నమ్మేశాం. మీరు చేపను చూస్తూ ఎలా కనిపెట్టారు?"

"ఈయన గాలి పీలిస్తే రంపంతో కోసినట్టుంటుంది, వదిలితే చిక్కుళ్ల కుండ పొంగినట్టుంటుంది" అంది. "ఏడు మునకలూ ఆ చప్పుడు వింటూనే అరల్లోకి తల పెట్టాను. ఉన్నాడు, వెనకాలే ఉన్నాడు అనుకుంటూ. వెనక్కి చూడక్కర్లేదు కదా. ఇవాళ చేప అరిచింది. ఎంత స్పష్టంగా వినబడిందో! మరీ అంత స్పష్టంగానా అనిపించింది. ఈయన చప్పుడేదీ?"

"మరి స్వరం?" అన్నాను. "ఏ స్వరం అది?"

"సగంలో తిరిగాను. తెలీదు."

"నేను నోరు తెరవలేని చోటని నీకు సముద్రం ఇష్టమనుకున్నాను, గ్రిసెల్దా. డాక్టరుగారితో వెళ్తే ఇంకా ఇష్టపడతావని..."

"ఇష్టమే. దాచడమెందుకు? నువ్వు మాట్లాడకపోతే ఎంత హాయో! నువ్వు ఊపిరి తీయకపోతే కాదు. ఆ రెండింటికీ తేడా తెలీదూ నీకు? వచ్చే ఏడు నువ్వు నయేలితో దిగు, నేను డాక్టరుగారితో దిగుతాను. నీ గాలి అయిపోతే సిగ్గుపడకుండా పైకి పో. ఉన్నంతసేపు మాత్రం నాకు వినబడేంత దగ్గర్లో ఉండు."

డాక్టరుగారు ఆకాశంకేసి చూస్తున్నారు. నయేలి తాడు చుడుతున్నట్టు నటిస్తోంది. దోన్ గాస్పర్ ఇంజను వేశాడు, హోరు లేచింది. అప్పుడు చుక్కాని దగ్గర్నుంచి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచాడు.

"ఏం జరిగిందమ్మా? నాకేమీ వినబళ్లేదు!"

నేను నోరు తెరిచాను. గ్రిసెల్దా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి లేచి నిలబడింది. ఏనాడూ గొంతు పెంచని మనిషి. పడవ అంచు పట్టుకుని, ఇంజనుకు మించి అరిచింది.

"మా ఆయన గాలి అయిపోతున్నా ఉందని చూపించాడు! తన గోల నాకు గిట్టదనుకున్నాడు! ఆ గోల వినబడకపోతే నాకు భయమని ఈయనకు తెలీదు! ఇప్పుడు తెలిసింది!"