జత లేని కంచు సింహం

ఈ కొట్టు ఏ ఊళ్లో ఉందో తెలియదు, గుమ్మంలో విశాఖ హార్బరు ఉప్పుగాలి వీస్తోంది, లోపల చైనా అక్షరాల బోర్డు కింద మా ఇంటి అలమరే ఉంది, దాని ముందు పోయిన వేసవిలో చనిపోయిన నా భర్త పీట వేసుకుని, ఓడ మెకానిక్కుగా తిరిగిన రేవుల్లో కొని తెచ్చుకున్న కంచు జంతువులను ఒక్కొక్కటే మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. ఆయన లేరని నాకు తెలుసు. ఆ మాట పైకి అనడం బాగుండదని ఊరుకుంటాను.

"కప్పని వీధికేసి తిప్పేసినావేటి, టీచరమ్మా?" నోట నాణెం కరుచుకున్న మూడుకాళ్ల కప్పను లోపలికి తిప్పుతారు. "లచ్చిమి బయటికి గెంతిపోదా?"

"లోపలికి తిప్పినన్నాళ్లూ ఏం గెంతుకొచ్చిందండీ?"

"నువ్వొచ్చినావు కదేటి."

నవ్వుతూ తాబేలును అందుకుంటారు. ఆయుష్షు ఇస్తుందని తెచ్చిన తాబేలు అది.

"మాయమ్మ దీపావళికి సింతపండెట్టి తోమేసింది దీన్నే. సిలుమే దీని వయసమ్మా అంటే, మురిక్కి వయసేట్రా అంది."

"మీరు అలిగి అన్నం మానేశారు."

"మానేస్తే నువ్వు దొంగసాటుగా ఎట్టలేదేటి?"

ఆయన చేతిలోనే తాబేలు మీదికి పచ్చటి చిలుము మెల్లగా తిరిగి పాకుతుంది, కొట్టు నేల ఓడలా కొద్దిగా ఊగుతుంది, అలమర అడుగు అర నా కళ్ల ఎదుటికి వస్తుంది, అక్కడ బంతి మీద కాలు మోపిన మగసింహం, దాని పక్కన నేను రోజూ తుడిచే ఖాళీ చోటు. సింహాలను జతగానే ఉంచాలని, ఆడదాని కాలికింద పిల్ల ఉంటుందని చెప్పింది ఆయనే. పన్నెండో రోజున భోజనానికి వచ్చిన ఆయన ఓడ స్నేహితుడు మరో మాట చెప్పాడు.

"పినాంగు రేవులో దీనికి జత ఆడసింహం దొరికిందట కదా," అంటాను. "బేరం కూడా కుదిరాక మళ్లీ బల్లమీద పెట్టేశారట. ఎందుకండీ?"

మాకు పిల్లలు లేరన్న మాట మా ఇంట్లో మేమిద్దరం ఎన్నడూ పలకలేదు. ఆయన గుడ్డను మడత మీద మడత పెడతారు.

"రోజూ దుమ్ము దులిపేది నువ్వు కదే."

"నామీద జాలా?"

"బయ్యం. కోపమొస్తే తిట్టేదానివైతే తెచ్చేద్దును. నువ్వేటీ అనవు."

"తేవలసింది," అంటాను. నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. "తుడిచేదాన్నండీ. ఇద్దరం కలిసి ఒకసారి ఏడ్చేవాళ్లం."

ఆయన తల ఊపుతారు, చాలాసేపు ఊపుతూనే ఉంటారు, ఆ ఊపుకే గుమ్మంలోని గాలి చల్లబడుతుంది.

"ఆ పినాంగు కొట్టు ముసలోడు ఒకటి సెప్పినాడే. ఆడసింహం పిల్లని తొక్కిపట్టదంట. దానికి పాలు పాదంలోంచే వస్తాయంట, పిల్ల ఆ గోరు సీకి తాగుతాదంట. అది ఇన్నాక నీ సెయ్యి గుర్తొచ్చింది."

"నా చెయ్యా? ఎందుకూ?"

ఆయన పెదవులు కదులుతాయి, మాట మాత్రం నీళ్ల అవతలి నుంచి వస్తున్నట్టు...

మెలకువ వచ్చేసరికి సాయంత్రం ఎండ కుర్చీ దాకా వచ్చింది. మధ్యాహ్నమంతా ఒకటో తరగతి పిల్లల చేతులు పట్టుకుని పలకల మీద అక్షరాలు దిద్దించి, ఇంటికి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా కూర్చున్నచోటే నిద్రపోయాను. కుడిచేతి గోళ్ల సందుల్లో సుద్ద ఇంకా తెల్లగా ఉంది.