రొయ్య మొప్ప చూసిన పిల్ల

నేను ఒక మైక్రోస్కోపుని. కాస్త ఇనుము, కాస్త ఇత్తడి, కొన్ని గాజు బిళ్ళలు, కింద వెలుగు పట్టే గుండ్రటి అద్దం. ఇంతే నా ఒళ్ళు. సైన్సు పరికరాలు తయారయ్యే అంబాలాలో ఒక ఇరుకు సందులో పుట్టాను. నా గాజులు అరగదీసిన ముసలాయన పెట్టెలో సర్దబోతూ తన తలవెంట్రుక ఒకటి పీకి నా కింద పెట్టి చూసుకున్నాడు. అది తాడంత లావుగా కనబడేసరికి ముచ్చటపడి మూత బిగించాడు.

మొదట నేను చేరింది సముద్రం దగ్గర్లోని ఒక ఊళ్ళో మగపిల్లల హైస్కూలుకి. అక్కడ నా మర అటూ ఇటూ తిప్పి తిప్పి వదులు చేశారు. ఇంతలో కొత్త మైక్రోస్కోపులు వచ్చాయి. "పాతది ఆడపిల్లల బడికి పంపేయండి, వాళ్ళకి సరిపోతుంది" అన్నాడు హెడ్మాస్టరు. మంచివాడే. ఆ మాటలో చిన్నచూపు ఉందని ఆయనకే తెలియదు. పాత బల్లలూ చిరిగిన మ్యాపులూ వెళ్ళే దారినే నేనూ వెళ్ళాను.

ఆడపిల్లల బడిలో ఇందుమతి టీచర్ నన్ను విప్పి, తుడిచి, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టింది. అప్పటికి ఆవిడ ఉద్యోగంలో కొత్త. ఉల్లిపొర, ఆకుపొర, చెంప లోపలి పొర చూపించేది. పిల్లలు వరసలో వచ్చి, ఒక కన్ను మూసి చూసి, "కనబడిందండీ" అని వెళ్ళిపోయేవారు. సగం మందికి కనబడేది వాళ్ళ కనురెప్ప వెంట్రుకలే అని నాకు తెలుసు.

ఒకరోజు తొమ్మిదో తరగతి నూకరత్నం క్యారేజీ మూతలో చచ్చిన రొయ్యని పట్టుకొచ్చింది. వాళ్ళ నాన్న అప్పలరాజు రొయ్యల చెరువుకి కాపలాదారు.

"సెరువులో రొయ్యలు తేలిపోతన్నాయండి టీచర్. మా నాన్నకి అన్నం సయించట్లేదు. ఏటయిందో ఇందులో కనబడతాదేటండీ?"

ఇందుమతి మొప్పలోంచి చిన్న ముక్క కత్తిరించి, నీటిచుక్క వేసి నా కింద పెట్టింది. నూకరత్నం వంగింది. ఎంతసేపటికీ లేవలేదు.

"గంటలండీ! కాడల మీద బుల్లి బుల్లి గంటలు! ముడుచుకుంటన్నాయి... అదిగో, మళ్ళీ సాగుతన్నాయి. ఏటండీ ఇవి?"

ఇందుమతి కూడా చూసింది. "నాకూ తెలీదే. కనుక్కుందాం" అంది. టీచరుకి తెలియనిది తన కంటికి దొరికినందుకు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

అది మొదలు బడి వదిలాక నాకూ నూకరత్నానికీ అదే పని. ఈ చెరువు రొయ్య, ఆ చెరువు రొయ్య. నీళ్ళు మార్చని చెరువులో గంటలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయని, నీళ్ళు తోడి కొత్తవి పెట్టే చెరువులో తక్కువని తనే కనిపెట్టింది. "నీళ్ళు మారిస్తే ఇవి పోతాయేమోనండీ" అంది. చేతులు నీచువాసన కొడుతున్నాయని పక్కపిల్లలు ముక్కులు మూసుకున్నా లక్ష్యపెట్టలేదు. నాన్నకి మాత్రం చెప్పలేదు. ఖాయమయ్యాక చెబుతానంది. జిల్లా సైన్సు ప్రదర్శనలో దీన్నే పెడదామని టీచరూ తనూ అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే పట్నం నుంచి మాలిని మేడం వచ్చింది. ఆడపిల్లల్ని సైన్సు వైపు మళ్ళించాలని పుట్టిన ఒక సంస్థ ఆవిడది. వస్తూ వస్తూ గులాబీరంగు పెట్టెలు తెచ్చింది. పెదాల రంగు తయారీ, గోరింటాకు ఎందుకు పండుతుంది, పూరీలు ఎందుకు పొంగుతాయి, అన్నీ అలాంటివే.

"ఆడపిల్లలకి సైన్సంటే భయం కదండీ. వాళ్ళకి ఇష్టమైనవాటితో మొదలుపెట్టాలి" అంది.

నూకరత్నం నా పక్కనే నిలబడి ఉంది. నీకేం ఇష్టమని ఆ పిల్లని ఎవరూ అడగలేదు.

"మా అమ్మాయి రొయ్యల మీద చేస్తోందండీ" అంది ఇందుమతి మెల్లిగా.

"రొయ్యలా! ఆ వాసనకి మన స్టాలు దగ్గరికి ఎవరొస్తారండీ? అలాంటివి మగపిల్లల వైపు పెడతారులెండి. ఇది బాగా చేయించండి, మీ బడికి ల్యాబు తెప్పించే పూచీ నాది."

ల్యాబు అనే మాట ఇందుమతిని పట్టేసింది. ఒక్క పిల్ల రొయ్యల కోసం బడి మొత్తానికి వచ్చే ల్యాబు వదులుకోవడమా అనుకుంది కాబోలు. "ఈసారికి ఇది చేసెయ్యమ్మా. రొయ్యల సంగతి మళ్ళీ ఏడు చూద్దాం" అంది. నూకరత్నం నా కింది గాజుపలక తీసి, కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టేసింది.

ప్రదర్శనలో బీట్‌రూటు రసంతో పెదాల రంగు చేసి చూపించింది. మొదటి బహుమతి వచ్చింది. ఫొటో తీసేటప్పుడు తెల్లకోటు తొడిగి నన్ను చేతికిచ్చారు. అలవాటు కొద్దీ ఆ పిల్ల నా కంటి గొట్టం మీదికి వంగింది. "అటు కాదమ్మా, కెమెరా వైపు చూడు. నవ్వు" అన్నాడు ఫొటోగ్రాఫరు. నవ్వింది. ఆ బొమ్మ జిల్లాలో ప్రతి బడి గోడకీ ఎక్కింది. పైన 'సైన్సు మా హక్కు' అని పెద్ద అక్షరాలు, కింద నూకరత్నం నవ్వు. నా కింద గాజుపలక కూడా లేదు.

ఆ వేసవిలో చెరువులో రొయ్యలన్నీ పోయాయి. యజమాని ఎండగట్టేశాడు. అప్పలరాజు పని వెతుక్కుంటూ ఇటుకల బట్టీకి వెళ్ళాడు. మళ్ళీ ఏడు అన్నది పదో తరగతి చదువులో కొట్టుకుపోయింది.

ఇంటర్లో సైన్సు గ్రూపు కావాలంటే పట్నం వెళ్ళాలి. ఇందుమతి అప్పలరాజుని బతిమాలడానికి ఇంటికి వెళ్ళింది. అది నేను చూడలేదు. మర్నాడు నా అద్దం తుడుస్తూ పక్క టీచరుతో చెబుతుంటే విన్నాను.

"'పెదాల రంగు కలపడానికి పిల్లని అంత దూరం పంపాలేటండీ?' అన్నాడమ్మా. 'అది కాదు, మీ అమ్మాయి రొయ్యలు ఎందుకు చస్తున్నాయో చూసింది' అన్నాను. 'రొయ్యలా? నాకెవులూ సెప్పనేదే!' అని నా మొహంలోకి చూశాడు. నూకరత్నం తలుపు పక్కన నిలబడి ఉంది. లేచి వచ్చేశాను."

నూకరత్నం ఊళ్ళోని కాలేజీలోనే, ఉన్న గ్రూపులోనే చేరింది.

ల్యాబు వచ్చింది. ఆ మాట మాత్రం మాలిని మేడం నిలబెట్టుకుంది. బల్బులున్న కొత్త మైక్రోస్కోపులు వచ్చాయి. నన్ను బీరువాలో పెట్టారు. ఉప్పుగాలి తేమకి నా గాజుల మీద బూజు అల్లుకుంది. ఇందుమతి జుట్టు నెరిసింది.

మొన్నొకరోజు నూకరత్నం వచ్చింది. ఇప్పుడు గ్రామ సచివాలయంలో ఉద్యోగం, బడిలో వివరాలు రాసుకోవడానికి వచ్చింది. పని ముగించుకుని బీరువాలో నన్ను చూసి ఆగింది. ఇందుమతి నన్ను తీసి కిటికీ దగ్గర పెట్టింది. నూకరత్నం వంగి చూసి, "ఏటీ కనబడట్లేదండి" అంది.

"నామీద కోపం ఉందా నూకరత్నం?"

"కోపమేటండీ? నాకు బహుమతి ఇప్పించారు గదా." నా మర తిప్పుతూ అడిగింది. "ఆ గంటలేటో మీకు తెలిసిందేటండీ?"

"తెలిసింది. నువ్వు వెళ్ళిపోయాక పుస్తకాలు తిరగేశాను. అవి ప్రాణులే. చెరువు నీళ్ళు చెడితే రొయ్య మొప్పల మీద గుంపులుగా పెరుగుతాయి. ఎక్కువైతే రొయ్యకి ఊపిరాడదు."

"నీళ్ళు మారిస్తే?"

ఇందుమతి తల దించుకుంది. "చాలావరకు తగ్గుతాయి."

నూకరత్నం నన్ను పట్టుకునే నిలబడింది. "అయితే నేననుకున్నదేనండీ" అంది చివరికి. ఇంకా చాలా ఇళ్ళు తిరగాలని చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

గంట కొట్టారు. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు బిలబిలా వచ్చి కూర్చున్నారు. బల్ల మీద గులాబీరంగు పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. ఇందుమతి వాటిని తీసి కింద పెట్టింది. నన్ను పక్కకి జరిపి, కొత్త మైక్రోస్కోపులు ముందుకి లాగి, పిల్లల వైపు తిరిగింది.

"మీకేం చూడాలని ఉంది?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంతవరకూ వాళ్ళని ఆ మాట అడిగినవాళ్ళు లేరు మరి.